మూడు మడతల అట్టముక్క

మా పెదనాన్న ప్రింటింగ్ ప్రెస్సులో నన్ను అందరూ పిలిచే పేరు పరధ్యానం. ఆ పేరు పెట్టింది ఆయనే.

కటింగ్ మిషన్ కింద నా కుడిచేతి నాలుగు వేళ్ళు పోయిన రోజున, ఎలా జరిగిందని డాక్టరు అడిగితే ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. "పరధ్యానం సార్. పిల్లదానికి ధ్యాస పని మీద ఉండదు." నేను సగం మత్తులో ఉన్నాను గానీ చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. ఆ మాట నాకంటే ముందే ఆసుపత్రి దాటి మా వీధిలోకి వచ్చేసింది. చేతికి కట్టుతో ఇంటికి చేరేసరికి ఎదురుగా కూరగాయలమ్మేవాడు కూడా "కాస్త ధ్యాస పెట్టి ఉండాల్సిందమ్మా" అని సలహా ఇచ్చాడు.

నేను చెప్పబోయేది ఆ రోజు గురించి కాదు. అది జరిగిన కొన్నేళ్ళకి, నా ఇంజనీరింగ్ చదువులో ఆఖరి ఎండాకాలం గురించి. ఆ ఎండాకాలమంతా పగతోనే నిద్ర లేచాను, పగతోనే పడుకున్నాను. మధ్యలో పరీక్షలు కూడా రాశాను.

ముందు ఆ మిషన్ సంగతి చెప్పాలి. దానికి రెండు బటన్లుంటాయి, కుడి పక్కనొకటి, ఎడమ పక్కనొకటి. రెండూ నొక్కితేనే కత్తి దిగుతుంది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే కత్తి కింద ఏ చెయ్యీ ఉండదు కదా అన్నది దాన్ని తయారుచేసినవాడి ఆలోచన. పని తొందరగా తెమలాలన్నది మా పెదనాన్న ఆలోచన. ఆర్డర్లు మీదపడ్డప్పుడు ఆయన కుడి బటన్ సందులో ఒక అట్టముక్క దోపేవాడు. ఇక అది నొక్కుకునే ఉండిపోయేది. ఎడమచేత్తో ఒక్క బటన్ నొక్కుకుంటూ కుడిచేత్తో కాగితాలు సర్దుకోవచ్చు. పని రెట్టింపు సాగేది. నా వేళ్ళు పోయిన మధ్యాహ్నం ఆ అట్టముక్క అక్కడే ఉంది. సాయంత్రం లేబర్ ఆఫీసువాళ్ళు వచ్చి చూసేసరికి లేదు.

నేను చెప్పాను. కట్లు విప్పకముందూ చెప్పాను, విప్పాకా చెప్పాను. "భయంలో ఏదేదో ఊహించుకుంటోంది పాపం" అన్నాడు పెదనాన్న. అమ్మ ఏమీ అనలేదు. నాన్న పోయాక మేమిద్దరం ఆయన ఇంటి మేడమీద గదిలో ఉంటున్నాం. అమ్మ కింద ప్రెస్సులో బైండింగ్ బల్ల దగ్గర కూర్చుని పుస్తకాలు కుడుతుంది. తలదాచుకోను చోటిచ్చిన మనిషి మీద నోరెత్తడం ఆమెకు చేతకాలేదు.

నేను కావాలనే మిషన్ల చదువే ఎంచుకున్నాను. మొదటి ఏడాది డ్రాయింగ్ పరీక్ష తప్పాను. స్కేలును మోచేత్తో అదిమిపెట్టి ఎడమచేత్తో గీత గీస్తే, సగం దూరం వెళ్ళాక స్కేలు జరిగిపోయేది. "వేరే బ్రాంచి తీసుకోకూడదూ" అని లెక్చరర్ మేడమ్ మంచిగానే అడిగింది. పరీక్షల్లో నేను చెబుతుంటే రాయడానికి మనిషిని ఇస్తామన్నారు. వద్దన్నాను. పొగరనుకున్నారు. పొగరే. నా వేళ్ళు నా తప్పు వల్లే పోయాయని లోకమంతా నమ్ముతుంటే, నా మార్కులు కూడా ఇంకెవరి చేతి పుణ్యమో అని అనిపించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఎడమచేత్తో రాస్తే రాసిన సిరా మీదుగానే అరచెయ్యి వెళుతుంది. అలికిన పేపర్లతోనే ఒక్కొక్క ఏడాదీ గట్టెక్కాను. డ్రాయింగ్ రెండోసారి పాసయ్యాను, స్కేలుకి రెండు పక్కలా బిళ్ళలు బిగించుకుని.

ఆఖరి ఏడాది వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం, అమ్మకి మజ్జిగ ఇద్దామని కిందికి దిగాను. పెదనాన్న పెద్ద ఆర్డరివ్వడానికొచ్చిన ఎవరో పార్టీతో మాట్లాడుతున్నాడు. నన్ను చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"మా తమ్ముడి కూతురండీ. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. చెయ్యి చూశారుగా. పరధ్యానంలో పోగొట్టుకుంది. అయినా నేను వదల్లేదు, పట్టుబట్టి చదివిస్తున్నా."

"గొప్ప మనసండీ మీది" అన్నాడాయన.

నా ఫీజులు స్కాలర్‌షిప్పు కట్టింది. పుస్తకాలకి అమ్మ సూది కట్టింది. చదువు మానిపించి కౌంటర్లో కూర్చోబెడదామని రెండేళ్ళు పోరుపెట్టింది ఈ గొప్ప మనసే. నేను మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టి నవ్వాను. తిట్టాలనిపించిన చోట నవ్వడం నేను ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను.

ఆయన అట్టముక్క పెట్టి నా చెయ్యి తీశాడు. పెట్టలేదని చెప్పి నా పరువు తీశాడు. ఇప్పుడు నా చదువు కూడా తన ఖాతాలో రాసుకుంటున్నాడు. ఇంకేం మిగిలింది నాకు? ఆ క్షణంలోనే నా ప్రాజెక్టు ఏమిటో తేలిపోయింది. నాలుగు నెలలుగా నేనూ నా జతగత్తే ఏదో నీళ్ళ పంపు మీద కుస్తీ పడుతున్నాం. మర్నాడు పొద్దున్నే కాలేజీకి వెళ్ళి ఆ పంపుని పక్కన పడేశాను.

నా జతగత్తెని కాలేజీ అంతా రేడియో అనేది, నోరు తెరిస్తే మూతపడదు గనక. విషయం చెబితే ఆమె తల పట్టుకుంది.

"నీకేమైనా పిచ్చా? పరీక్షలు నెత్తిమీద ఉన్నాయి. పంపు సగం అయిపోయింది. మేడమ్ మనిద్దర్నీ కలిపి ఉతికేస్తుంది."

"మేడమ్‌తో నేను మాట్లాడతా."

"అసలు నీకు కావాల్సింది మార్కులా, పగా?"

"రెండూ."

రేడియో నా ముఖంలోకి చూసింది. "సరే, తగలడు. నా రెండు చేతులూ నీవే అనుకో. కానీ ఫెయిలయ్యామంటే మా ఇంట్లో నువ్వే వచ్చి చెప్పాలి."

మేడమ్ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తాడని, కాగితం మీద బొమ్మలు చూపిస్తే కుదరదని, అసలు మిషన్ మీద పనిచేసి చూపించాలని, చేయకపోతే ప్రాజెక్టు పోయినట్టేనని, ప్రాజెక్టు పోతే డిగ్రీ పోయినట్టేనని వరసగా చెప్పింది. "అలాంటి మిషన్ మన లేబ్‌లో ఎక్కడుంది?" అని చివర్న అడిగింది.

"మా పెదనాన్నగారి ప్రెస్సులో ఉంది మేడమ్" అన్నాను.

మేము చేసింది అరచెయ్యంత డబ్బా. మిషన్ బటన్లకీ మోటారుకీ మధ్యలో బిగించాలి. దాని పని ఒకటే. రెండు బటన్లూ ఒకేసారి నొక్కాలి. కోత అయ్యాక రెండూ వదలాలి. ఏ ఒక్కటి ముందే నొక్కుకుని ఉన్నా కత్తి కదలదు. అంటే బటన్ సందులో ఎవరేం దోపినా దండగే. కాలేజీ వర్క్‌షాపులో రేకు ముక్కల్ని బిగింపులో పెట్టి, మోచేత్తో ఆనించి, ఎడమచేత్తో కన్నాలు వేశాను. నాకు కుదరని చోట రేడియో పట్టుకునేది, నోరు మాత్రం ఆపకుండా.

ఇందులో ఒక తమాషా ఉంది. గట్టి బటన్లు రెండూ ఒకేసారి అదమాలి గనక, ఆ మిషన్ ఇక రెండు చేతులకీ వేళ్ళున్నవాళ్ళే నడపగలరు. దాన్ని అలా మార్చిన నేను మాత్రం ఎప్పటికీ నడపలేను. ఈ మాట చెప్పినప్పుడు రేడియో కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె ఊరుకోవడం నేను చూసింది అదే మొదటిసారి.

ఇంట్లో నేను తేనెలో ముంచిన మాటలు మొదలుపెట్టాను. "పెదనాన్నా, ఈ మిషన్ గురించి మీకు తెలిసినంత మా లెక్చరర్లకి కూడా తెలియదు" అనేదాన్ని. "పెదనాన్నా, పెద్ద సారు మన ప్రెస్సుకే వస్తున్నారు" అనేదాన్ని. ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. గోడలకి సున్నం వేయించాడు. మిషన్‌ని కిరసనాయిలుతో తుడిపించాడు. ఫొటో తీసేవాడికి కూడా చెప్పి ఉంచాడు.

అమ్మ మాత్రం నన్ను కనిపెట్టేసింది. ఒక సాయంత్రం మేడమీద బట్టలు తీస్తూ అడిగింది.

"ఏం చేయబోతున్నావే?"

"ప్రాజెక్టు."

"నీ ప్రాజెక్టు నాకు తెలియదా? నువ్వు ఆయన్ని పొగుడుతుంటే నాకు గుండె దడగా ఉంటోంది. పాతవన్నీ ఇప్పుడు తవ్వకు. డిగ్రీ చేతికొస్తే మన దారి మనం చూసుకుంటాం."

"పరధ్యానం అనే పేరుతోనా అమ్మా, దారి చూసుకునేది?"

అమ్మ దుప్పటి మడతపెడుతూ ఉండిపోయింది. అంచులు కలవలేదు. మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది. "ఆ పేరంటే నాకు మాత్రం బాధ లేదనుకున్నావా?" అంది చివరికి. అమ్మ మీద కూడా నాకు కోపం ఉందని అప్పుడు చెప్పి ఉంటే ఆమె కింద కూర్చుండిపోయేది.

రాత పరీక్షలు మండుటెండల్లో వచ్చాయి. హాల్లో ఫ్యాన్లు ఉన్నాయంటే ఉన్నాయి. చెమటకి నా అరచెయ్యి కాగితానికి అంటుకునేది, దాన్ని పీకితే సిరా కూడా దానితోనే వచ్చేది. ప్రతి పేపర్లో చివరి గంట వచ్చేసరికి మణికట్టు మొద్దుబారేది. అప్పుడు పెదనాన్న ముఖం గుర్తుతెచ్చుకునేదాన్ని. దేవుణ్ణి తలుచుకుని రాసేవాళ్ళని చూశాను, అమ్మానాన్నల్ని తలుచుకుని రాసేవాళ్ళనీ చూశాను. నాకు మాత్రం "గొప్ప మనసండీ మీది" అన్న ఆ మాట చాలు, ఇంకో రెండు పేజీలు రాసేసేదాన్ని.

డెమో రోజున ఎగ్జామినర్ జలుబుతో వచ్చాడు. సన్నగా, జేబురుమాలు ముక్కు దగ్గరే పెట్టుకుని, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడని మనిషి. మేడమ్ ఆయన వెనకాల నిలబడింది. పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎగ్జామినర్‌కి కుర్చీ తనే తుడిచాడు. అమ్మ తన బల్ల దగ్గర తలొంచుకుని కుడుతోంది. ఫొటో తీసేవాడు గుమ్మంలో ఉన్నాడు.

డబ్బా అప్పటికే మిషన్‌కి బిగించి ఉంది. రేడియో రెండు బటన్లూ నొక్కింది. కత్తి దిగింది. వదిలింది, మళ్ళీ నొక్కింది, మళ్ళీ దిగింది. ఒక్క బటన్ నొక్కి చూపించింది. కదల్లేదు. నేను ఒక్కొక్కటీ వివరించాను. కుడిచెయ్యి మాత్రం ఫైలు కిందే దాచుకున్నాను. డబ్బా ఆ ఒక్కరోజు మొరాయిస్తే పగా లేదు, డిగ్రీ లేదు.

ఎగ్జామినర్ ముక్కు తుడుచుకున్నాడు. "బాగానే ఉంది. కానీ పనివాళ్ళు దీన్ని ఏమార్చడానికి చూస్తారు కదమ్మా. అది పరీక్షించారా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. రాకపోతే నేనే తెప్పించేదాన్ని.

"మేము చూశాం సార్. కానీ మాకంటే అనుభవం ఉన్నవాళ్ళు చూస్తే బాగుంటుంది. ఈ మిషన్ సంగతి మా పెదనాన్నగారికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు."

"అయితే మీరే కానివ్వండి" అన్నాడు ఎగ్జామినర్ ఆయన్ని చూసి. "ఎలాగైనా సరే, ఒక్క చేత్తో దీన్ని నడిపించండి చూద్దాం."

పెదనాన్న చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. పదిమంది ముందు తన పనితనం చూపించే అవకాశం. ఆయన నా వైపు చూడలేదు. ఇంకేమీ ఆలోచించలేదు కూడా. చెత్తబుట్టలోంచి ఒక అట్టముక్క తీశాడు. నిలువునా ఒక మడత, అడ్డంగా ఒక మడత, మళ్ళీ మూలకి ఒక చిన్న మడత. ఆ మూలని నాలుక మీద తడిపి, బొటనవేలితో కుడి బటన్ సందులోకి తోశాడు. టక్కుమని పట్టుకుంది. మీరు చొక్కా గుండీ పెట్టుకునేటంత సేపు కూడా పట్టలేదు.

ఎడమ బటన్ నొక్కాడు. కత్తి కదల్లేదు.

మళ్ళీ నొక్కాడు. కదల్లేదు. ఆయనకు పట్టుదల వచ్చింది. అట్టముక్క బయటికి లాగి, మూల మడత ఇంకాస్త బిగించి, మళ్ళీ తడిపి, ఇంకా లోపలికి దోపాడు. నొక్కాడు. చిరాగ్గా తనలో తనే అనుకున్నట్టు అన్నాడు.

"ఇదేంటి, ఎప్పుడూ పనిచేసేదే."

ఎగ్జామినర్ జేబురుమాలు కిందికి దించాడు. "ఎప్పుడూ అంటే?"

పెదనాన్న బొటనవేలు ఇంకా అట్టముక్క మీదే ఉంది. ఆయన ముందు ఎగ్జామినర్‌ని చూశాడు, తర్వాత మేడమ్‌ని, తర్వాత నన్ను. నేను ఫైలు పక్కన పెట్టి, కుడిచెయ్యి తీసి ఆ బటన్ పక్కన, మిషన్ బల్ల మీద పెట్టాను. ఐదేళ్ళుగా ఆ చేతిని ఆ ప్రెస్సులో ఎవరికీ కనపడకుండా తిరిగాను. ఆ రోజు బొటనవేలూ, మిగతా నాలుగింటి మొదళ్ళూ అందరి ముందూ పరిచాను.

ఆయన నోరు తెరిచాడు. "అంటే, అప్పుడప్పుడూ, అర్జెంటు పనికి..." అని ఆగిపోయాడు.

బైండింగ్ బల్ల దగ్గర సూది ఆగింది. అమ్మ లేచి నిలబడింది. పెదనాన్న ముందు ఆమె అలా తలెత్తి నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

"ఆ రోజు నేల ఊడ్చింది నేనే బావగారూ" అంది. "ఇదే మడత."

ఫొటో తీసేవాడు కెమెరా సంచిలో పెట్టేసుకున్నాడు. నేను ఎన్నాళ్ళుగానో ఒక పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను, ఒక్క ముక్క కూడా అవసరం రాలేదు. ఆయన చెవులు ఎర్రబడటం చూస్తూ నిలబడ్డాను. జాలి వేసిందని రాస్తే అబద్ధమవుతుంది. చల్లగా ఉంది, అంతే. ఆ ఎండాకాలంలో నాకు చల్లగా అనిపించింది ఆ ఒక్క పూటే.

ఎగ్జామినర్ తన కాగితంలో ఏదో రాసుకున్నాడు. వెళ్ళబోతూ నా దగ్గర ఆగాడు.

"ఈ ఆలోచన నీకెలా వచ్చిందమ్మా?"

"ధ్యాస పెట్టాను సార్" అన్నాను, పెదనాన్నకి వినపడేలా.

వాళ్ళు వెళ్ళాక అమ్మని మెట్ల మీద పట్టుకున్నాను. ఆమె గోడకి చేరబడి నిలబడింది.

"ఊడ్చావా?"

"ఊడ్చాను. 'ఆఫీసువాళ్ళు వచ్చేలోగా అక్కడంతా శుభ్రం చెయ్' అన్నారు ఆయన. బటన్ కిందే పడి ఉంది, మడతలు మడతలుగా. చెత్తే అనుకున్నా. నువ్వు అట్టముక్క అన్నాక గానీ అదేమిటో తెలియలేదు."

"తెలిశాకైనా చెప్పొచ్చుగా?"

"ఎక్కడికి పోతాం అనిపించింది. నీకు మందులు, నీకు చదువు. ఆ ఇంట్లోంచి గెంటేస్తే..." ఆమె పూర్తిచేయలేదు. "నీ మీద నమ్మకం లేక కాదే. నమ్మబట్టే నోరు మూసుకున్నాను."

ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు, ఇప్పటికీ సగమే అర్థమవుతుంది. పదిరోజులు అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. పెదనాన్న కోసం పెంచుకున్న పగలో కొంత మిగిలిపోయింది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. అమ్మ మాత్రం రోజూ నా పక్కనే కూర్చుని తినేది, నేను మాట్లాడినా మాట్లాడకపోయినా.

ఫలితాలు వచ్చాయి. ఫస్ట్ క్లాసు. ప్రాజెక్టులో మా బ్యాచికే ఎక్కువ మార్కులు. రేడియో ఆ వార్తని నాకంటే ముందు మా వీధికి చెప్పేసింది. ఇంకో నెలకి, మిషన్లు తయారుచేసే ఒక కంపెనీలో నాకు పని దొరికింది. ఊరికి అటు చివర గది చూసుకున్నాం.

మేము సామాను సర్దుకుంటుంటే పెదనాన్న మెట్ల దగ్గరకొచ్చి నిలబడ్డాడు. డెమో తర్వాత ఆయన నాతో మాట్లాడటం అదే మొదలు.

"అమ్మాయ్, ఆ డబ్బా తీసేసి వెళ్ళు. పని సాగట్లేదు. కోత కోతకీ రెండు చేతులూ ఎత్తాల్సి వస్తోంది. కుర్రాళ్ళు మానేసి పోతున్నారు, నేనే నిలబడాల్సి వస్తోంది."

ఆయన నన్ను అమ్మాయ్ అన్నాడు. ఆ పేరు పెట్టి పిలవలేదు.

"వద్దు పెదనాన్నా, ఉంచుకోండి" అన్నాను. "పట్టుబట్టి చదివించారుగా. మీ రుణం ఇలా తీర్చుకుంటున్నాను."

ఆయన అమ్మ వైపు తిరిగాడు. కొత్త మనిషి దొరికేదాకా రోజూ వచ్చి పుస్తకాలు కుట్టిపెడతానని అమ్మ ఆయనకి మాటిచ్చి ఉంది. "నువ్వైనా చెప్పమ్మా" అన్నాడు.

అమ్మ పెట్టె మూత వేసి, మోకాలితో అదిమి గడియ పెట్టింది. "అది తీసిన రోజు నుంచి నేను రాను బావగారూ" అంది.

సామాను బండిలోకి ఎక్కించాక నేను ఒక్కదాన్నే ప్రెస్సులోకి వెళ్ళాను. పెదనాన్న మిషన్ దగ్గర ఉన్నాడు. కాగితాలు సర్దాడు. రెండు చేతుల వేళ్ళూ రెండు బటన్ల మీద పెట్టి నొక్కాడు. కత్తి దిగి పైకి వెళ్ళింది. రెండు చేతులూ ఎత్తాడు. సర్దాడు, పెట్టాడు, నొక్కాడు, ఎత్తాడు. నేనక్కడ ఉన్నానని ఆయనకు తెలుసు. చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు.

బయట బండివాడు హారన్ కొడుతున్నాడు. నేను గుమ్మానికి ఆనుకుని, కుడిచెయ్యి బయటికే ఉంచుకుని, ఆ కట్ట మొత్తం కోయడం అయ్యేదాకా చూశాను.